గుర్రం చప్పుడు

మా నీహారిక తన పేరు చెబితే
నీహాయిక అని వచ్చేది.
బళ్ళో టీచరమ్మ నవ్వి
ఇట్లా కూడా హాయిగానే ఉందిలే అంది.
ర దగ్గరికొచ్చేసరికి దాని నాలుక
కట్టేసిన దూడలాగా
తాడెంతో అంతే లేచి
మళ్ళీ కిందికి పడేది.

మా అత్త వసకొమ్ము అరగదీసి
మూడు ఆదివారాలు నాకించింది.
తేనెలో రంగరించి ఒకసారి,
బంగారు ఉంగరంతో రుద్ది ఒకసారి.
పిల్లకు వాంతులయ్యాయి గానీ
ర రాలేదు.

పలకల షెడ్డులో నా పని చట్రాలు బిగించడం.
నాలుగు పుల్లలు, నాలుగు మేకులు, మధ్యన రాయి.
మార్కాపురం పలక మీద
ఎన్ని ఊళ్ళ పిల్లలు ర దిద్దుకున్నారో!
నా కూతురూ దిద్దింది.
దిద్దడంలో ఏ తప్పూ లేదు దానికి.
గుండ్రంగా తిప్పి, నెత్తిన తలకట్టు పెట్టి,
ఇదేందే అంటే
య
అనేది, నా మొహం చూస్తా.

ఒంగోలు పెద్దాసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ
నాలుక ఎత్తి చూపించింది.
కింద సన్నటి తీగ,
చిక్కుడుకాయ ఈనెలాంటిది.
ఇంతేనా అన్నాను.
ఇంతే అంది.
ఈ ఈనె కోసమా ఆరేళ్ళు
అన్ని గుళ్ళకూ ఒక దర్గాకూ తిరిగింది!

సూది వేసి, మొద్దుబారిందాకా ఆగి,
కత్తెర పెట్టింది.
రాయి చీల్చే మా ఖాశిం మామ
ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే
పొర తనెక్కడ విడిపోవాలనుకుంటుందో
అక్కడే విడిపోతుంది.
అంతకంటే తక్కువ చప్పుడు.
దూది మీద ఎర్ర బలపంతో గీసినంత నెత్తురు.
పొదిలి దాటకముందే పిల్ల
నా ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోయింది.
టికెట్లు పోను నా కొంగున
నలభై రూపాయలున్నాయి.

అసలు కష్టం ఇంటికొచ్చాక.
నర్సమ్మ చెప్పి పంపింది:
ఈ గాయం తొందరగా మూసుకోకూడదమ్మా,
మూసుకుంటే మళ్ళీ అంటుకుంటది.
రోజుకు ఐదుసార్లు వేలుపెట్టి ఎత్తు,
పై పెదవికి మీగడ రాసి నాకించు,
గుర్రం పరిగెత్తినట్టు టకటక మనిపించు.

మానకుండా కాపలా కాయాల్సిన పుండు గురించి
వినడం అదే మొదలు.
అది ఏడుస్తుంది, నేను వేలు పెడతాను.
వేలికి షెడ్డు దుమ్ము పోయిందాకా
రెండుసార్లు సబ్బు.

మూడోరోజు, ఇట్లా అనవే అని
చూపిద్దామని నోరు తెరిచాను.
టక
రాలేదు.
మళ్ళీ అన్నాను. నాలుక అంగిలి దాకా పోలేదు.

పిల్ల నిద్రపోయాక
అద్దం ముందు సెల్లు లైటు వేసుకుని చూసుకున్నాను.
అదే ఈనె. ముదిరింది.

అప్పుడు ఒకటొకటే గుర్తొచ్చాయి.
షెడ్డులో అందరూ రత్తమ్మక్కా అనే మనిషిని
నేను ఉత్త అక్కా అంటాను.
కూతుర్ని నీహా అంటాను,
ముద్దుకనే అనుకున్నాను.
మా అత్త నన్ను మెచ్చుకునే మాట ఒక్కటే:
నోట్లో నాలుక లేని కోడలు.

ఉందత్తా.
కట్టేసి ఉంది.

ఈ మాట ఇంకా ఆమెతో అనలేదు.
డాక్టరమ్మ పెద్దవాళ్ళకూ చేస్తుందేమో అడగాలి,
రెండోసారి చూపించడానికి పోయినప్పుడు.
ఆ రోజు కూలి ఎట్లాగూ పోతుంది.

నిన్న సాయంత్రం గుమ్మంలో కూర్చుని
ఇద్దరం గుర్రాలు తోలాం.
దాని గుర్రం వీధి చివరిదాకా పోయి వచ్చింది.
నాది కట్టుగొయ్య దగ్గరే
కాళ్ళు దువ్వుతా ఉంది.
పిల్ల ఆగి, నాలుక పైకెత్తి, కళ్ళు మూసుకుని,
అమ్మా, నీ గుయ్... గుర్...
నీ గుర్రం ఎందుకు పోదు? అంది.

గడ్డి తక్కువే, అన్నాను.
అన్నాక గానీ
చెవికి ఎక్కలేదు, అదేమందో.
గరుకుగా ఉంది ఆ ర,
అంచులింకా రుద్దని పలకలాగా.
తగిలితే గీసుకుంటుంది.